రూల్లో ఉంది కదా అత్తా!

మొన్న మంగళవారం పొద్దున్నే పాలు పొయ్యిమీద పెట్టి ఫోను చేతిలోకి తీసుకున్నాను. అంతే, పాలు పొంగి పొయ్యంతా పాలయింది. మావారు హాల్లోంచి "ఏమైందే?" అని కేకేశారు. "నా దీపస్తంభం మీద దొంగ పడ్డాడండీ" అన్నాను. ఆయన పేపరు మడిచి పక్కన పెట్టి, వంటింట్లోకి వచ్చి నా ముఖం వంక ఓసారి చూసి, "కాఫీ నేనే కలుపుకుంటాలే" అన్నారు. ముప్ఫై నాలుగేళ్ల కాపురంలో ఆయన కాఫీ ఆయనే కలుపుకోవడం అది మూడోసారి. దొంగ పడ్డందుకు అదొక్కటే లాభం.

ఈ వయసులో ఈవిడకిదేం పోయేకాలం అని మీరనుకుంటే నేనేమీ కాదనను. మా తమ్ముడి కొడుకు ఇక్కడే తిరుపతిలో ఇంజనీరింగు చదువుతూ మా ఇంట్లో ఉంటున్నాడు. వాడు అంటించిన అంటు ఇది. "మధ్యాహ్నం సీరియళ్లు చూసి ఏడుస్తా కూర్చునే బదులు ఊరు కట్టుకో అత్తా" అన్నాడు. ఊరు కట్టుకోవడమంటే ఎవరికి చేదు? సొంత ఇల్లు కట్టుకోవడానికి మావారికి ఇరవై రెండేళ్లు పట్టింది. ఇక్కడ ఊరే కట్టెయ్యొచ్చు, మేస్త్రీతో గొడవ లేకుండా.

ఆ ఆట పేరు ఫోర్జ్ ఆఫ్ ఎంపైర్స్. జర్మనీలో హాంబర్గ్ పట్నంలోని ఇన్నోగేమ్స్ అనే కంపెనీ వాళ్లు 2012లో మొదలుపెట్టారు. రాతియుగం గుడిసెలతో మొదలై, యుగం తరవాత యుగం దాటుకుంటూ మన ఊరు పెరుగుతుంది. మధ్యలో ప్రపంచంలోని గొప్ప గొప్ప కట్టడాలు కట్టుకోవచ్చు. రోమ్‌లోని కొలోసియం ఉంది, ఇస్తాంబుల్‌లోని హేగియా సోఫియా ఉంది, మన ఢిల్లీ లోటస్ టెంపులూ ఉంది. నేను అలెగ్జాండ్రియా దీపస్తంభం కట్టుకున్నాను. అసలు దీపస్తంభం ఏడు వింతల్లో ఒకటి, భూకంపాలకి కూలిపోయింది. నాది కూలలేదుగానీ, దాని వల్ల నా కడుపు మండింది.

ఎందుకో చెప్పాలంటే చిన్న లెక్క చెప్పాలి. భయపడకండి, కూరగాయల లెక్కకంటే కష్టం కాదు.

ఈ కట్టడాల స్థాయి పెంచాలంటే పాయింట్లు పొయ్యాలి. ఆ పాయింట్లు ఊరికే కూర్చుంటే గంటకొకటి చొప్పున వస్తాయి. అంటే రోజుకి ఇరవైనాలుగు. (ఇంకా కావాలంటే డబ్బు పెట్టి వజ్రాలు కొని తెచ్చుకోవచ్చు. మావారి ముందు ఆ మాట ఎత్తకండి.) మన కట్టడానికి మనమొక్కరమే పొయ్యక్కర్లేదు. స్నేహితులు, మన సంఘం వాళ్లు, ఇరుగుపొరుగు వాళ్లు ఎవరైనా వచ్చి చెయ్యి వెయ్యొచ్చు. ఇంతవరకూ ఎంత ముచ్చటగా ఉందో చూశారా? పూర్వం పల్లెల్లో ఒకరి ఇంటికి కప్పు వేస్తుంటే ఊరంతా వచ్చి తలా ఒక చెయ్యి వేసేవారే, అట్లాగన్నమాట.

చిక్కంతా తరవాత వచ్చింది. చేతులు వేసినవాళ్లందరినీ ఎక్కువ ఇచ్చినవాళ్లు, తక్కువ ఇచ్చినవాళ్లు అని వరసలో నిలబెడతారు. స్థాయి పూర్తయ్యాక మొదటి అయిదుగురికే బహుమానం. అందులో మొదటివాడికి సింహభాగం. అయిదో స్థానం దాటినవాడికి నమస్కారం కూడా లేదు.

ఇప్పుడు దొంగ సంగతి. నా దీపస్తంభం ఆ స్థాయికి మొదటి బహుమానం 60 పాయింట్లు అనుకోండి. 'ఆర్క్' అనే కట్టడాన్ని 80వ స్థాయిదాకా పెంచుకున్న పాత కాపులకి ప్రతి బహుమానం మీద నూటికి తొంభై అదనంగా వస్తుంది. అంటే వాళ్లకి 114. మా సంఘంలో ఒక మర్యాద ఉంది. కట్టుకునేవాళ్లు ఇంకా 228 మిగిలిందాకా తామే పోసుకుని, అప్పుడు కబురు పెడితే, ఆ పాత కాపు వచ్చి సరిగ్గా 114 పోస్తాడు. మిగిలింది 114. ఇక ఎవరొచ్చినా ఆయన్ని దాటలేరు. ఆయన ఇచ్చిన 114 ఆయనకి తిరిగి వస్తుంది, పైన పతకాలో నమూనా కాగితాలో దక్కుతాయి. నాకు 114 పాయింట్ల భారం తప్పుతుంది. ఇద్దరికీ సంతోషం.

నేనేం చేశాను? ఆత్రం. ఇంకాస్త, ఇంకాస్త అని నేనే పోసుకుంటూ పోయి, ఇంకా వంద ఉందనగా నిద్రొచ్చి పడుకున్నాను. కబురు పెట్టలేదు. మొదటి స్థానం ఖాళీగా ఉంది. రాత్రి రెండు గంటలకి పొరుగువాడొకడు వచ్చాడు. పేరు చూస్తే మనిషి పేరులా లేదు, లారీ నంబరులా ఉంది. వంద మిగిలినచోట సరిగ్గా 50 వేశాడు. మిగిలిన యాభైతో వాడితో సమానం కావచ్చుగానీ వాడిని దాటలేరు, సమానమైతే ముందొచ్చినవాడిదే స్థానం. 50 వేసి 114 పట్టుకుపోయాడు. లాభం 64. ఆ 64 ఎక్కడినుంచి వచ్చాయి? నా దగ్గర్నుంచే! మర్యాద ప్రకారమైతే నేను 228లో 114 పోస్తే సరిపోయేది. ఇప్పుడు ముందు 128, తరవాత మిగిలిన 50, వెరసి 178 పోశాను. తేడా లెక్కకట్టండి, అచ్చంగా 64. గంటకొక పాయింటు చొప్పున రెండు రోజుల పదహారు గంటల నా కాపలా కూలి.

పైగా కట్టడం మీద దాతల పట్టికలో మొదటి పేరు వాడిది!

ఇదంతా మా అల్లుడితో చెప్పుకుని వాపోతే వాడు ఇడ్లీ తుంచుకుంటూ, "రూల్లో ఉంది కదా అత్తా. దాన్ని స్నైపింగ్ అంటారు. అదొక స్ట్రాటజీ. నువ్వు తలుపు తీసిపెట్టి పడుకుంటే వాడిదా తప్పు?" అన్నాడు.

ఈ మాట మీదనే నా పోట్లాట. ఆట మీద కాదు, కంపెనీ మీదా కాదు. "రూల్లో ఉంది కదా" అనే మాట మీద.

ఆ స్నైపింగ్ అన్న మాటకీ మనకీ చుట్టరికం ఉంది. స్నైప్ అంటే మన ఉల్లంకి పిట్ట. పద్దెనిమిదో శతాబ్దంలో మన దేశంలో ఉన్న ఇంగ్లీషు సిపాయి దొరలు చిత్తడి నేలల్లో ఈ పిట్టల్ని వేటాడేవారు. దొరకడం కష్టమైన పిట్ట కాబట్టి, పొంచి ఉండి కొట్టడానికి ఆ పేరు వచ్చింది. తరవాత అది మనుషుల్ని చాటునుంచి కాల్చేవాళ్లకి అంటుకుంది. ఇప్పుడు విరాళం ఇచ్చేవాళ్లకి అంటుకుంది. చూశారా, ఎక్కడ బయల్దేరిన మాట ఎక్కడికి చేరిందో! సాయం చెయ్యడాన్ని వేట భాషలో చెప్పుకునే కాలం వచ్చిందంటే, సాయానికి ఏదో రోగం పట్టిందన్నమాటే.

ఆ రోగం నిన్న మొన్న ఫోన్లతో వచ్చిందనుకుంటే పొరపాటు. మా చిత్తూరు పెళ్లిళ్లలో చదివింపులు చూడనివాళ్లెవరు? పందిట్లో ఒక మూల బల్ల, బల్ల మీద నోటుపుస్తకం, పసుపు కుంకుమ అద్దిన పళ్లెం, పక్కన మైకు. ఇచ్చినవాళ్ల పేరూ ఊరూ మొత్తమూ ఊరంతా వినేటట్టు చదువుతారు.

1988లో మా చెల్లెలి పెళ్లికి ఆ బల్ల పక్కన నన్ను కూర్చోబెట్టారు. మాకు వేలువిడిచిన మేనమామ ఒకాయన ఉండేవాడు. పందిట్లోకి రాగానే పెళ్లికూతుర్ని చూడలేదు, పెళ్లికొడుకుని చూడలేదు, సూటిగా నా దగ్గరికే వచ్చాడు. "ఏం మే, ఇంతవరకూ పై చదివింపు ఎంత?" అన్నాడు. "వెయ్యిన్నూట పదహారు మామా" అన్నాను. "ఎవురిది?" ఫలానావారిదని చెప్పాను. ఆయన వెళ్లి భోంచేశాడు. తాంబూలం వేసుకున్నాడు. జనం పల్చబడుతున్నారనగా మళ్లీ వచ్చి, "ఇంకెవురూ దాటలేదు కదా?" అని అడిగి, "అయితే నాది వెయ్యిన్నూట ఇరవై అయిదు రాసుకో. మైకులో గట్టిగా చదవమను" అన్నాడు. తొమ్మిది రూపాయలతో పెళ్లిలో పెద్దరికమంతా కొనేశాడు. స్నైపింగ్ అనే మాట ఆయనకి తెలియదుగానీ, విద్య తెలుసు.

ఆ పెళ్లిలోనే మా చిన్నత్త ఉంది. విస్తళ్లు కుట్టి పిల్లల్ని సాకిన మనిషి. మూడు రోజుల ముందే వచ్చి పిండి రుబ్బింది, అప్పడాలు వేయించింది, అంట్లు తోమింది, రాత్రిళ్లు పసిపిల్లల్ని జోకొట్టింది. చదివింపుల వేళకి మాత్రం పందిట్లో కనబడలేదు. చూస్తే పెరట్లో, పెళ్లికూతురి గుప్పిట్లో ఏదో పెట్టి, గుప్పిలి మూసి పట్టుకుని, "మైకులో చదవొద్దని చెప్పమ్మా" అంటోంది. పదకొండు రూపాయలు. ఆ మైకుకి భయపడి, ఇవ్వాల్సిన మనిషి దొంగలాగా పెరట్లోంచి ఇచ్చింది. తొమ్మిది రూపాయలు ఎక్కువ వేసి గెలిచినాయన పందిట్లో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. నోటుపుస్తకంలో పిండి రుబ్బినదానికి గడి లేదు కదా మరి!

చదివింపుల పద్ధతే చెడ్డదని నేననడం లేదు. పెళ్లి చేసేవాడికి నలుగురూ తలా కాస్త వేస్తే వడ్డీ లేని అప్పు దొరికినట్టే. రేపు వాళ్లింట్లో పెళ్లయితే వీళ్లు తిరిగి ఇస్తారు. ముయ్యికి ముయ్యి. పక్కనున్న తమిళదేశంలో పుదుక్కోట్టై, తంజావూరు వైపు 'మొయి విరుందు' అని దీనికోసమే విందులు పెడతారు. పుస్తకంలో రాసుకోవడంలో తప్పులేదు. తప్పు మైకుది. లెక్క ఇద్దరి మధ్య ఉన్నంతవరకూ అది బాధ్యత. దాన్ని వరస కట్టి ఊరికి వినిపిస్తే పందెం. పందెంలోకి దిగితే నెగ్గే ఉపాయం వెతకడం మనిషి సహజం. అందుకే పట్టికల్ని చూస్తే నాకు భయం.

మా అల్లుడు తేలిగ్గా ఒప్పుకునే ఘటం కాదు. "పోటీ లేకుంటే ఎవురూ ఇయ్యరత్తా. బాలాపూర్ లడ్డూ చూడు" అన్నాడు. నిజమే, అది చూడవలసిందే. హైదరాబాదు పక్కన బాలాపూర్‌లో వినాయకుడి చేతి లడ్డూని 1994లో మొదటిసారి వేలం వేస్తే 450 రూపాయలు పలికింది. 2024లో 30 లక్షల వెయ్యి రూపాయలు, 2025లో 35 లక్షలు. పాట సొమ్ము ఊరి బాగుకి వాడుతున్నారు. "మైకు పెట్టి, పోటీ పెట్టి, పేరు చదివి పాడితేనే కదా అంత డబ్బు లేచింది?" అని వాడి వాదన.

నేను ఒప్పుకున్నాను. పోటీలన్నీ ఒక్కటి కావు. లడ్డూ పాడినాయన 35 లక్షలు వదులుకున్నాడు, చేతికొచ్చింది ఒక లడ్డూ. పేరు కోసమే ఇచ్చాడనుకోండి, ఇచ్చింది మాత్రం నిజంగా ఇచ్చాడు. ఆయన జేబు తేలికైంది, ఊరి జేబు బరువెక్కింది. నా దీపస్తంభం మీద పడ్డవాడు యాభై పెట్టి నూటపద్నాలుగు పట్టుకుపోయాడు. వాడి జేబు బరువెక్కింది, నాది తేలికైంది. అయినా పట్టికలో ఇద్దరినీ దాతలనే అంటారు. కాబట్టి నా తూకం ఇది: ఇచ్చిన తరవాత ఎవరి చెయ్యి ఖాళీ అయిందో చూడండి. ఇచ్చినవాడి చెయ్యి నిండి, పుచ్చుకున్నవాడి చెయ్యి ఖాళీ అయితే దాని పేరు ఏదైనా కావచ్చుగానీ, సాయం మాత్రం కాదు.

ఈ సంగతి మన తిరుపతి వాళ్లకి ఒకరు చెప్పాలా? కొండమీద రెండు రకాల ఇవ్వడాలూ పక్కపక్కనే ఉన్నాయి. శాసనాల్లోకి ఎక్కిన దానాలు ఒక రకం. శ్రీకృష్ణదేవరాయలు 1513లో మొదటిసారి కొండకి వచ్చి స్వామికి రత్నకిరీటం సమర్పించాడు. ఆయన రాణులు తిరుమలదేవి, చిన్నాదేవి చెరొక బంగారు గిన్నె ఇచ్చారు. ఆ ముగ్గురి విగ్రహాలూ ఇప్పటికీ గుడి వాకిట్లో చేతులు జోడించుకుని నిలబడి ఉన్నాయి. రాజులిచ్చినది రాతిమీదకెక్కింది. మంచిదే, రాయి లేకపోతే మనకి చరిత్ర తెలిసేది కాదు.

రెండో రకం హుండీ. గుడ్డ తొడుగులో వేలాడే ఆ కొప్పెరలో ఎవరి గుప్పిట్లో ఏముందో పక్కవాడికి తెలియదు. కోటీశ్వరుడి కట్టా, కూలిమనిషి ముడుపు కట్టిన చిల్లరా ఒకేచోట పడతాయి. పరకామణిలో లెక్కపెట్టేవాళ్లకి సొమ్ము తెలుస్తుందిగానీ, ఏ నోటు ఎవరిదో తెలియదు. మొక్కుకున్న తల్లి ఒంటిమీది నగలన్నీ అక్కడే తీసి నిలువుదోపిడి ఇచ్చి పసుపుతాడుతో బయటికి వస్తుంది. ఆవిడకంటే తొమ్మిది రూపాయలు ఎక్కువ వేసి ఆవిడని దాటేస్తానని చూసేవాడు అక్కడ ఉండడు. దాటడానికి అక్కడ పట్టిక లేదు కదా! పట్టిక లేకుండానే ఆ హుండీ నిండడం మనం రోజూ చూస్తున్నాం. పోటీ లేకపోతే ఎవరూ ఇవ్వరనేవాళ్లని ఒకసారి తీసుకెళ్లి ఆ కొప్పెర ముందు నిలబెట్టాలి.

తరిగొండ వెంగమాంబగారి సంగతి మీకు తెలుసు. రాజూ కాదు, రాణీ కాదు, లోకం నానా మాటలూ అన్న ఒంటరి మనిషి. స్వామికి రాత్రి ఏకాంత సేవలో ఈనాటికీ ఆవిడ పేరనే ముత్యాల హారతి ఇస్తారు. రోజంతా అన్ని సేవలూ అయ్యాక, చివరి హారతి. వరసలో చివరన ఉన్నామని చిన్నబుచ్చుకునేవాళ్లు ఆ హారతి తలుచుకుంటే చాలు. కొండమీద నిత్యం వేలమందికి అన్నం పెట్టే భవనానికి ఆవిడ పేరే పెట్టారు.

ఇంతవరకూ చెప్పి నేను గెలిచినట్టే పైట సర్దుకున్నాను. అప్పుడు మా అల్లుడు అడిగాడు: "నువ్వెప్పుడూ అట్లా చెయ్యలేదా అత్తా?"

చెయ్యలేదు అనబోయాను. నోరు రాలేదు.

1996లో మా వీధి ఆడవాళ్లం ఇరవైమందిమి చీటీ వేసుకునేవాళ్లం. నెలకి 500, మొత్తం 10,000. పాట చీటీ. మీకు తెలిసిందే, ఎవరు ఎక్కువ వదులుకుంటానంటే వాళ్లకి ఆ నెల చీటీ. వదులుకున్న సొమ్ము ఇరవైమందికీ పంచుతారు. ఒక నెల ఎదురింటావిడకి డబ్బు అవసరమైంది. వాళ్లాయనకి వేలూరులో ఆపరేషను. ఆ సంగతి మా అందరికీ తెలుసు. ఆవిడ వచ్చి, చాపమీద ఓ మూల కూర్చుని, "పదిహేను వందలు వదులుకుంటా" అంది. అక్కడితో ముగిసిపోవలసిన పాట.

"పద్ధెనిమిది వందలు" అన్నాను నేను.

నాకు ఆ నెల డబ్బు అక్కర్లేదు. ఏ పనీ లేదు, ఏ అప్పూ లేదు. పాట పెంచితే తలా కాస్త ఎక్కువ వస్తుంది, అంతే. ఆవిడ రెండు వేలు అంది. నేను రెండు వేల అయిదొందలు అన్నాను. ఆవిడ కాసేపు ఆగి మూడు వేలు అంది. నేను ఆగిపోయాను. ఆవిడ ఎక్కడిదాకా వెళ్లగలదో అక్కడిదాకా తోసి, సరిగ్గా ఆ గట్టుమీద ఆగిపోయాను. ఎంత తెలివి! ఆవిడ చేతికి 7,000 వచ్చింది. మాకు తలా 150 మిగిలింది. పదిహేను వందలకే ముగిసి ఉంటే 75 మిగిలేది. నాకు అదనంగా 75 రూపాయలు రావడానికి, ఆసుపత్రి ఖర్చులో ఉన్న మనిషికి 1,500 ఎగరగొట్టాను. ఆ 150కి ఇంకాస్త వేసి స్టీలు టిఫిను క్యారియరు కొనుక్కున్నాను. నాలుగు గిన్నెలది.

రూల్లో ఉందా? ఉంది. పాట చీటీ అన్నాక ఎవరైనా పాడొచ్చు. చీటీ నడిపే అక్క కూడా ఏమీ అనలేదు.

ఎదురింటావిడ మాత్రం డబ్బు కొంగున ముడివేసుకుని వెళ్తూ వెళ్తూ నా దగ్గర ఆగింది. "నీకూ ఏదో అవసరం వచ్చినట్టుంది కదక్కా. నేను లాగేసుకున్నానేమో. ఏమీ అనుకోవద్దు" అంది.

ఈ మాట నేను ఇరవై ఏళ్లకి పైగా ఎవరితోనూ చెప్పలేదు. మావారికి కూడా చెప్పలేదు. మొన్న ఇడ్లీ పళ్లెం ముందు మా అల్లుడితో చెప్పాను. ఇప్పుడు మీతో చెబుతున్నాను. ఆ లారీ నంబరు పేరువాడిని నేను దొంగ అన్నానే, వాడు నా ముఖం చూడలేదు. నా పేరూ తెలియదు, నా పాలు పొంగిన సంగతీ తెలియదు. నేను ఎదురింటావిడ ముఖం చూస్తూనే పాడాను. ఇద్దరిలో ఎవరిది పెద్ద దొంగతనమో మీరే తేల్చండి.

అందుకే అంటున్నాను, రూల్లో ఉండడం వేరు, చెయ్యదగ్గది కావడం వేరు. పొరుగింటి పెరట్లో గోడమీదుగా మన వైపు వంగిన కొమ్మ కాయ కోసుకోవచ్చా అంటే కోసుకోవచ్చునేమో. కోసి, ఒకటి వాళ్లకి ఇచ్చి వస్తాం. ఏ రూలు చెప్పింది మనకి? రూలు అనేది మనుషులు ఇంతకంటే కిందికి దిగకూడదని గీసే గీత. ఆ గీతమీదే కాపురం పెడతానంటే ఎట్లా?

ఈ ఆట ఆడేవాళ్లే దీనికి ఒక విరుగుడు కనిపెట్టుకున్నారని ముందే చెప్పాను. ఏ కంపెనీ శాసించకుండానే సంఘాల్లో కూడబలుక్కున్నారు: ఒకే రేటు, అడిగి వెయ్యడం, ఒకరి తరవాత ఒకరు. బహుమానానికి 1.9 రెట్లు వెయ్యి, నీది నీకు వస్తుంది, వాళ్లకి భారం తగ్గుతుంది. వేటగాడికి సందు ఉండదు. లోకంలో నలుమూలలా ఉన్న, ఒకరి ముఖం ఒకరు చూడని జనం ఆ మర్యాద ఏర్పరచుకున్నారంటే నాకు ముచ్చటేసింది. అందులోనూ ఒక ముల్లు లేకపోలేదు. ఆర్క్ 80వ స్థాయికి ఎదగని కొత్తవాళ్లు ఆ రేటు ఇస్తే నష్టపోతారు, అందుకని వాళ్లకి వరసలో చోటు దొరకదు. మా చిన్నత్త మళ్లీ పెరట్లోనే! అందుకని మా సంఘంలో నేనొక గొడవ లేవదీశాను. వారానికో రోజు చిన్నవాళ్లకి తక్కువ రేటు పెట్టమని. పెద్దవాళ్లు ఆలోచిస్తున్నారు.

మన వీధుల్లో మనం చెయ్యగలిగినవి అంతకంటే సులువు. చదివింపుల బల్ల దగ్గర పుస్తకం ఉంచండి, మైకు తీసెయ్యండి. పాటలో అన్నం వండే సరదా లేదు, డబ్బు చెయ్యి మారే సరదా ఒక్కటే ఉంది. కాబట్టి తెలిసినవాళ్ల మధ్య పాట చీటీ మానేసి చీట్లు తీసే చీటీ వేసుకోండి, ఎవరికైనా ఆపద వస్తే ఆ నెల వాళ్లకే ఇచ్చెయ్యండి. మా చీటీలో 1997 నుంచి అదే పద్ధతి. ఎవరు పట్టుబట్టారో చెప్పనక్కర్లేదనుకుంటాను. వీధి గుడికి చందా ఇస్తే పేర్లు రాయించుకోండి, అంకెలు వద్దు. అక్షరక్రమంలో రాయించండి. అప్పుడు లక్ష ఇచ్చిన విశ్వనాథంగారికంటే పైన పది ఇచ్చిన అనసూయమ్మ ఉంటుంది, స్వామికేమీ అభ్యంతరం ఉండదు.

ఇంతకీ మా అల్లుడు. నా కథంతా విని, చెయ్యి కడుక్కుని, చాలాసేపు ఫోను కూడా ముట్టుకోకుండా కూర్చున్నాడు. తరవాత నసుగుతూ, తనూ రోజుకి నలుగురైదుగురి మీద అట్లా పడుతుంటానని ఒప్పుకున్నాడు. "ఇంక మానేస్తావా?" అని నేను అడగలేదు. నాకు ఆ హక్కెక్కడిది?

మర్నాడు పొద్దున ఎప్పటిలాగే వాడి కాలేజీ భోజనం సర్ది బల్లమీద పెట్టాను. వాడు సంచీ భుజానికి వేసుకుని, దానివంక చూసి, తల గోక్కున్నాడు.

"అత్తా, ఆ స్టీలు క్యారియరు వొద్దులే. ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి ఇయ్యి" అన్నాడు.